బుధవారం సంచి

కాజిమిర్ పెన్సిల్‌తో నా పేరు రాసి పక్కనపెట్టే కాగితపు సంచి
ఈ వారం అయిదు పుస్తకాల బరువు.
"లొరెట్టా, మంచుబండి" అని రాస్తాడు.
ఈ ఊళ్ళో ఇంకో లొరెట్టా కూడా బొమ్మల పుస్తకాలు కొంటుంది.
ఆవిడ నాకు నచ్చదు.
వేలు తడి చేసుకుని పేజీ తిప్పుతుంది.

ఈరీ సరస్సు మీది మబ్బు ఇంకా ఊరి మీదికి రాలేదు.
పీచ్ వీధి చివర బండి ఆపి, హీటరు పెట్టుకుని,
రేడియోలో యొలాండా పిలిచేలోగా
చదివేయాలి.

'బరోమీటర్', నలభై ఒకటో సంచిక. బాగుంది. అంతే.
విలన్ నోరు తగ్గిస్తే ఇంకా బాగుండేది.
చంపేవాడు అంతసేపు మాట్లాడడు,
మాట్లాడేవాడు చీమను కూడా చంపడు.
మా కౌన్సిల్ మీటింగులకు వెళ్ళినదాన్ని, నాకు తెలుసు.

'మిస్ మెరిడియన్'కి కొత్త దుస్తులు.
మళ్ళీ చేతుల్లేవు.
యుద్ధమేమో ధ్రువం దగ్గర, భుజాలేమో బోడిగా.
ఆ గీసిన పెద్దమనిషిని ఒక్క రాత్రి నా పక్క సీట్లో కూర్చోబెట్టండి,
నేను కిటికీ దించుతాను.

'తొమ్మిదో గంట దళం'లో ఎనిమిది మంది చచ్చారు.
వేసవికి లేస్తారు.
నేను ఏడవను. పోయినసారి ఏడ్చి మోసపోయాను.
(ఆ సంచిక బీరువాలో ప్లాస్టిక్ తొడుగులో భద్రంగా ఉంది. అది వేరే సంగతి.)
ఇందులోనే ఒక వంతెన కూలింది,
రెండు పేజీల నిండా.
గొప్పగా కూలింది, ఒప్పుకుంటాను,
ఇనుపకమ్మీలు లెక్కపెట్టుకోవచ్చు.
కానీ మర్నాడు పొద్దున్న ఆ రాళ్ళు ఎవరెత్తారు?
ముప్ఫయ్యేళ్ళుగా అడుగుతున్నాను.
ఒక్క మూల, ఒక్క చిన్న గడిలో
నారింజరంగు చొక్కా మనిషిని, చేతిలో పారతో, గీస్తే
నీ సిరా ఏం ఇగిరిపోదయ్యా.

'పాదరసం' మొదటి సంచిక. కుర్రాళ్ళ సరుకు.
నాకోసం రాసింది కాదు.
రెండోది కూడా తీసుకుంటాను.

ఇక 'ఇనుపపిచ్చుక'.
తీపిముక్కలా చివరికి దాచుకున్నాను.
కథ బాగుంది. బొమ్మలు బాగున్నాయి.
మూడో పేజీలో గోడ బద్దలైంది,
నాకు వినపడలేదు.

వెనక్కి తిప్పి చూశాను.
ఫెళఫెళ అని ఉంది అక్కడే, ఎర్రగా, పెద్దగా,
ఇస్త్రీ చేసినట్టు నున్నగా.
రెండు ఫెళలూ కవలపిల్లలు.

ఓడెల్ ప్రాట్ రాస్తే అలా ఉండేవి కావు.
మొదటి ఫెళ గోడను గుద్దేది,
రెండోది ఆ నొప్పికి వంకరపోయేది.
ఆయన తలుపు కిర్రుమంటే ఆ అక్షరానికి తుప్పు ఉండేది.
చిటచిటకి కాగితం చెమ్మగిల్లేది.
పిచ్చుక గుసగుసలాడితే
బుడగంతా తెల్లగా వదిలేసి
మధ్యలో చీమతలంత మాట పెట్టేవాడు,
అద్దాలు సర్దుకుని వంగి చదివేదాన్ని,
నా చెవిలోనే చెప్పినట్టుండేది.

మొదటి పేజీ అడుగున పేర్లు వెతికాను.
కథ ఫలానా, బొమ్మలు ఫలానా, రంగులు ఫలానా.
అక్షరాలు: ఏదో కంపెనీ.

పోయాడని రాయలేదు. మానేశాడనీ రాయలేదు.
దళంలో ఎనిమిది మందికి
ఎనిమిది నల్లపేజీలు ఇచ్చారు.

'ఇనుపపిచ్చుక', నూట పన్నెండో సంచిక:
బొమ్మలకు పదికి ఎనిమిది.
చప్పుడుకి సున్నా.
కాజిమిర్‌ని అడగాలి, ఆ ముసలాయన చిరునామా
ఎవరి దగ్గరైనా ఉంటుందేమోనని.
ఉంటే మాత్రం ఏం రాస్తాను?
నా చేతిరాత కోడిగెలుకుడు.

"పద్నాలుగు, లొరెట్టా, ఇరవై ఆరో వీధి," అంటోంది యొలాండా.
సంచి సీటు కింద తోసి
రేకు దించాను.
మొదట లావుగా మొదలైంది,
మ్యాన్‌హోల్ మూత తగిలి ఎగిరింది,
మలుపులో సన్నగా సాగి సాగి
ఎక్కడో తెగింది.

ఒక్క వీధిలోనూ రెండుసార్లు ఒకేలా మోగదు ఇది.